టర్బైన్ కారు: ఊహ ఒకటి, లెక్క ఒకటి

ఒక రకం హైబ్రిడ్ కారులో చక్రాలను విద్యుత్ మోటార్లే తిప్పుతాయి. ఇంజన్ జనరేటరును మాత్రం నడుపుతుంది. మరి పిస్టన్ ఇంజనే ఎందుకు? నిలకడగా తిరిగే చిన్న గ్యాస్ టర్బైన్ చాలదా? 2008 నుండి టాటాల యాజమాన్యంలో ఉన్న జాగ్వార్ సంస్థ 2010లో పారిస్‌లో చూపిన సి-ఎక్స్75 నమూనా కారు ఈ ఆలోచనకే రూపం. అందులో 70 కిలోవాట్ల టర్బైన్లు రెండు. వేగం నిమిషానికి 80,000 చుట్లు.

టర్బైన్ తేలికైనది, కదిలే భాగాలు తక్కువ, రకరకాల ఇంధనాలతో నడుస్తుంది. ఇవి నిజమైన సుగుణాలే. కానీ టర్బైన్ చిన్నదయ్యేకొద్దీ రెక్కల కొసలకూ తొడుగుకూ మధ్య సందు దామాషాలో పెద్దదవుతుంది. వాయువు పని చేయకుండానే అందులోంచి జారిపోతుంది. పొగతో పోయే వేడిని తిరిగి వాడుకోవాలంటే ఉష్ణ వినిమయకం అమర్చాలి. దాంతో బరువూ ఖర్చూ పెరుగుతాయి. విమానంలో నెగ్గిన యంత్రం కారులో తడబడేది ఇక్కడే.

2011లో ఉత్పత్తికి ప్రకటించిన సి-ఎక్స్75లో టర్బైన్లు లేవు, 1.6 లీటర్ల పిస్టన్ ఇంజన్ ఉంది. ఆర్థిక కారణాలతో 2012లో ఆ పథకమూ ఆగిపోయింది. మరో రకం హైబ్రిడ్ అయిన టయోటా ప్రియస్ 1997లోనే పిస్టన్ ఇంజన్‌ను అట్కిన్సన్ పద్ధతిలో వాడుకుంది. 2015లో వచ్చిన ప్రియస్ ఇంజన్ గరిష్ఠ ఉష్ణ సామర్థ్యం 40 శాతానికి చేరింది.

కొత్త ఇంజన్ గురించి చదివినప్పుడు అది ఎంత వింతైనదని కాదు, లీటరు ఇంధనానికి ఎంత విద్యుత్తు, ఎంత ఖర్చుతో ఇస్తుందని అడగండి.