తెరపై తెలుగు, చర్చలో ఆంగ్లము
శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. అక్కడ ప్రయాణికునకు దారి చూపు బోర్డులపై తెలుగు కలదు. విమానచోదకునకు, నియంత్రణ గోపురమునకు నడుమ సంభాషణ మాత్రము ఆంగ్లమున సాగును. దేశదేశాల చోదకులకు ఉమ్మడి భాష ఉండుట క్షేమము గదా! ఈ విభజన సమంజసమే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విషయమున ఈ వివేకము సగమే కనబడుచున్నది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ లైనక్స్‌కు తెలుగు రూపము కల్పించుట శ్లాఘనీయము. ‘గ్నోమ్’ తెరపై ఆజ్ఞలను తెలుగున చదువవచ్చును. కాని ఒక ఒత్తక్షరము చెదరినచో, ఆ లోపమును నిర్మాతలకు తెలుపుటకు ఆంగ్లమే కావలెను. దానిని మొదట కనిపెట్టువాడు తెలుగు చదువరియే! అతడు మౌనము వహించినచో లోపము నిలిచిపోవును. నివేదికను తెలుగున స్వీకరించి, సారాంశమును ఆంగ్లమున అందించు మధ్యవర్తులు అవసరము. ఉపాధ్యాయులు ఈ పనికి మిక్కిలి తగినవారు.