బల్బు వెలుగులో సిలోన్ పాట

పాత గిటార్ పెడల్స్ పోగేసేవాళ్ల దగ్గర యూని-వైబ్ పేరెత్తి చూడండి, గొంతు తగ్గించి మాట్లాడతారు. చెప్పుల డబ్బా అంత రేకు పెట్టె, దానికి వైరుతో తగిలించిన ఒక కాలి పెడల్, అంతే. 1960ల చివర్లో జపాన్‌లోని షిన్-ఎయ్ కంపెనీలో తయారై, యూనివోక్స్ పేరుతో అమెరికాలో అమ్ముడైంది. అప్పటి అసలు పెట్టె ఇప్పుడు దొరకడం అరుదు, దొరికినా వేల డాలర్ల బేరం. ఆ బేరాల గురించీ, ఏ పెట్టె ఏ ఏడాదిదో తేల్చడం గురించీ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు పట్టుకున్నది వేరే ప్రశ్న. దీన్ని తయారుచేసిన మనిషి చెవి ఏం విన్నది?

చాలాచోట్ల కనిపించే జవాబు ఏమిటంటే, హామండ్ ఆర్గాన్‌తో వాడే లెస్లీ స్పీకర్‌కి ఇది చవకైన నకలు అని. లెస్లీలో కొమ్ములాంటి భాగం గుండ్రంగా తిరుగుతుంది, దాంతో శబ్దం దగ్గరకొచ్చి దూరంపోతున్నట్టు ఉంటుంది. ఆ స్పీకర్ మంచం సైజులో ఉంటుంది కాబట్టి చిన్న పెట్టెలో అదే పని చేశారని కథ. వినడానికి నమ్మేలాగే ఉంది. కానీ దీన్ని డిజైన్ చేసిన ఫుమియో మియెడా (తర్వాత కోర్గ్ కంపెనీ ఎంఎస్-20 సింథసైజర్ వెనకా ఉన్నది ఈయనే) ఇంటర్వ్యూల్లో చెప్పింది ఇంకో మాట. రేడియో మాస్కో ప్రసారాలు జపాన్‌కి వచ్చేసరికి సంగీతం ఊగుతూ, తేలుతూ, రంగు మారుతూ వినపడేదట. ఆ ఊగడాన్ని పెట్టెలో పట్టాలన్నది ఆయన ఆలోచన.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది హెండ్రిక్స్ కాదు, సింగరాయకొండలో మా పెదనాన్న. పొగాకు బ్యారన్ దగ్గర ఆకు కర్రలకి అల్లే ఆడవాళ్ల మధ్య ఒక ట్రాన్సిస్టర్ పెట్టి, సిలోన్ తెలుగు పాటల టైముకి ముల్లు తిప్పుకుంటూ కూర్చునేవాడినని ఆయన ఇప్పటికీ చెబుతారు. మీనాక్షి పొన్నుదురై పేరు మా ఇంట్లో చుట్టాల పేరులా వినపడేది. పాట మధ్యలో గొంతు సన్నబడి, మళ్లీ పొంగి, ఒక్కోసారి గొంతు పోయి వయొలిన్లు మాత్రమే మిగిలితే ఎవరైనా ముల్లు కదపబోయేవాళ్లట. ఆయన ఆపేవారట: "ఉండండమ్మా, పాట ఈదుకుంటూ వస్తోంది." ఆ మాట నేను చిన్నప్పట్నుంచీ విన్నాను, కానీ ఫిల్టర్ డిజైన్ చదివాకే దాని విలువ తెలిసింది.

ఎందుకంటే అది అక్షరాలా నిజం. కొలంబో వైపు నుంచి మా ఊరికి దాదాపు 900 కిలోమీటర్లు. షార్ట్‌వేవ్ ఆకాశంలోకి పోయి, అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరని తాకి, కిందకి వంగుతుంది. అదీ ఒక్క దారిలో కాదు. ఒక తరంగం ఒక ఎత్తు నుంచి, ఇంకోటి ఇంకో ఎత్తు నుంచి, కొన్ని వందల మైక్రోసెకన్ల తేడాతో వచ్చి ఒకదానిమీద ఒకటి పడతాయి. కొన్ని పౌనఃపున్యాల దగ్గర రెండూ కలిసి పొంగుతాయి, కొన్ని దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పొర కదులుతూనే ఉంటుంది కాబట్టి, చచ్చిన చోట్లు కూడా కదులుతాయి. అందుకే పాట మొత్తంగా తగ్గదు. గొంతులో ఒక ముక్క మాయమవుతుంది, కాసేపటికి ఇంకో ముక్క. గొంతు ఘంటసాలదే, కానీ ఒక సెకను ముక్కుతో పాడినట్టు, మరో సెకను బావిలోంచి పాడినట్టు.

మియెడా పెట్టెలో ఆ పని చేసేది ఒక చిన్న బల్బు. దాని చుట్టూ వెలుగుని బట్టి నిరోధం మారే నాలుగు ఫోటోసెల్స్, ఒక్కోటీ ఒక్కో ఫేజ్-షిఫ్ట్ దశకి కాపలా. బల్బు నెమ్మదిగా వెలిగి ఆరుతుంటే గిటార్ సిగ్నల్ ఫేజ్ జరుగుతుంది. జరిగినదాన్ని జరగనిదానితో కలిపితే అదే పొంగు, అదే చావు. తర్వాతొచ్చిన మామూలు ఫేజర్లలో అన్ని దశల కెపాసిటర్లూ ఒకే విలువవి పెడతారు, లెక్క తేలిక. ఇందులో నాలుగూ నాలుగు రకాలు, ఒకదానికొకటి పోలికే లేదు. దానికి తోడు బల్బు ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టే టైము ఒకటి కాదు, ఫోటోసెల్ ఇంకా బద్ధకం. అందుకే దీని ఊపు గడియారంలా సమంగా ఉండదు, ఒక పక్కకి ఒరిగిన ఉయ్యాలలా ఉంటుంది. నేను సరదాకి దీన్ని కోడ్‌లో రాసుకున్నాను. సైన్ వేవ్ పెడితే చక్కగా, శుభ్రంగా, చచ్చినట్టు వచ్చింది. బల్బు ఆలస్యాన్ని విడిగా మోడల్ చేశాకే ప్రాణం వచ్చింది. అసలు పెట్టెల్లోని ఫోటోసెల్స్ కాడ్మియం సల్ఫైడ్‌వి. కాడ్మియం విషం, యూరప్‌లో ఎలక్ట్రానిక్స్‌లో దాని మీద ఆంక్షలున్నాయి. అంటే ఈ శబ్దం కొంతవరకు చట్టానికి ఎదురుగా నిలబడి ఉంది, ఇది నాకు ఎందుకో నచ్చే విషయం.

సరే, ఈ పెట్టెతో ఎవరేం చేశారు? 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ వేదికపై హెండ్రిక్స్ దగ్గర ఇది ఉంది. కానీ నేను వినమనేది కొన్ని నెలల తర్వాతది, 1970 జనవరి 1న ఫిల్‌మోర్ ఈస్ట్‌లో వాయించిన 'మెషిన్ గన్'. బిల్లీ కాక్స్ బాస్, బడ్డీ మైల్స్ డ్రమ్స్. వియత్నాం యుద్ధం నడుస్తోంది. పన్నెండు నిమిషాల పైన సాగే ఆ పాటలో గిటార్ స్వరం ఒక్కచోట నిలబడదు. ఒకే స్వరాన్ని పొడుగ్గా లాగి పట్టుకుంటాడు, కింద బల్బు తన లయలో తను ఊగుతుంటుంది, డ్రమ్స్ ఇంకో లయలో తూటాలు పేలుస్తుంటాయి. రెండూ కలవవు. మన గమకంలో ఊపు వాయించేవాడి వేలిది, ఎక్కడ ఎంత ఊగాలో రాగం తెలిసిన వేలిది. ఇక్కడి ఊపుకి పాట తెలీదు. మనిషి ఏడుస్తుంటే పక్కన ఫ్యాన్ తిరిగినట్టు తిరుగుతుంది. ఆ పాటలో భయం నాకు తూటా శబ్దాల్లో కాదు, ఈ పట్టనితనంలోనే వినపడుతుంది. దూరదేశంలో జరుగుతున్న చావు వార్త రేడియోలో వస్తే ఇలాగే ఊగుతూ వస్తుంది కదా.

1973లో పింక్ ఫ్లాయిడ్ 'బ్రీత్'లో డేవిడ్ గిల్మర్ వాడింది కూడా ఇదే. అందరికీ ఇష్టమైన పాట, నాకూ ఇష్టమే, కానీ అక్కడ ఈ ఊపు సోఫా అయిపోయింది. దూరం పోయి హాయి మిగిలింది. మరుసటి ఏడాది రాబిన్ ట్రోవర్ 'బ్రిడ్జ్ ఆఫ్ సైస్'లో కొంత బరువు తిరిగొచ్చింది. ఇప్పుడు ప్రతి ప్లగిన్‌లో 'వైబ్' అని ఒక ప్రీసెట్ ఉంటుంది, దాన్ని నొక్కితే అందరికీ సోఫానే వస్తుంది.

అసలు గొడవ మనతో. తెలుగులో సినిమా పాట మీద బోలెడు రాస్తాం. కవి ఏ పదం ఎందుకు వేశాడో పేజీలు నింపుతాం, ఏ రాగమో చెబుతాం, గాయకుడి భావం గురించి కళ్లనీళ్లు పెట్టుకుంటాం. శబ్దం దగ్గరకొచ్చేసరికి 'మధురం', 'గంభీరం' అని రెండు మాటలతో దులిపేసుకుంటాం. ఏ పరికరం వాడారు, ఎవరు వాయించారు, అది ఏ దారిలో మన చెవి దాకా వచ్చింది, ఇవి విమర్శకి పనికిరాని సంగతులైపోయాయి. పాత రికార్డు అట్టల మీద కూడా సాధారణంగా కవి, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లే. గిటార్ వాయించినవాడు లేడు. ఉన్నదల్లా సాహిత్యమే అన్నట్టు పెరిగాం, సాహిత్యం చదివేవాళ్లం కదా, మనకి అది హాయి.

దీనివల్ల పోయేదేంటంటే, ఒక తరం విన్న అసలు పాట మన రాతలకి దొరకదు. మా పెదనాన్న లాంటివాళ్లు ఇప్పుడు ఫోన్‌లో రీమాస్టర్ చేసిన పాట విని "అప్పటిలా లేదురా" అంటే, వయసు మీద పడింది, పాత రోజుల మీద బెంగ అని నవ్వి ఊరుకుంటాం. బెంగా ఉండొచ్చు. కానీ దానికి భౌతికశాస్త్రం కూడా ఉంది. ఆయన విన్నది స్టూడియో టేపు కాదు. మద్రాసులో పాడిన పాట కొలంబో వెళ్లి, సముద్రం మీదుగా ఆకాశాన్ని తాకి, పొగాకు ఆకు వాసన మధ్యకి ఊగుతూ దిగిన పాట. మధ్యలో ఆ పొర వాయించిన వాయిద్యం ఒకటుంది. శుభ్రం చేసినవాళ్లు ముందు దాన్నే తీసేశారు. ఆకాశం చేసిన పాడు అందమే అనుకుని మియెడా సర్క్యూట్ గీశాడు. మనం మాత్రం 'స్టేషన్ సరిగ్గా అందట్లేదు' అని యాంటెన్నా తిప్పుకున్నాం. ఒక్క పెదనాన్న తప్ప.

ఇంట్లో ఒక క్యాసెట్ మిగిలింది, రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి సిలోన్ నుంచి పట్టిన పాటలు. ఈ మధ్య దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్పెక్ట్రోగ్రామ్ తీసి చూశాను. ఘంటసాల గొంతు రేఖల మీద నల్లటి సన్నని చారలు, ఏటవాలుగా, మెల్లగా కిందకి జారుతూ. పక్కనే నా కోడ్‌లోంచి తీసిన యూని-వైబ్ బొమ్మ పెట్టాను. చారలు రెండింటిలోనూ ఉన్నాయి. బల్బు గీసినవి మళ్లీ మళ్లీ అదే చోటికి తిరిగొస్తాయి. క్యాసెట్‌లోవి ఒకసారి జారిపోయాక మళ్లీ ఎక్కడ తేలతాయో చెప్పలేం. ఒకచోట, రెండో చరణం మొదట్లో, నాలుగు సెకన్లపాటు గొంతు పూర్తిగా పోయింది. వెనకెక్కడో ఎవరో దగ్గారు. తర్వాత పాట మళ్లీ వచ్చింది.