“ప్రాచ్య ఇటాలియను”: ఒక బిరుదపు పరిశీలనము

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని కొనియాడుట మన సభలలో పరిపాటి. 15వ శతాబ్దమున విజయనగరమును దర్శించిన వెనీసు వర్తకుడు నికోలో దె కోంతి పేర ఈ మాట ప్రచారమందున్నది. ఆయన యాత్రావృత్తాంతమును లాటినున గ్రంథస్థము చేసినవాడు పోజ్జో బ్రాచ్చొలీని. ఆ మూలమును పరిశీలింపక ఈ వాక్యమును కోంతికి ఆరోపించుట పరిశోధకునకు తగదు.

ఈ ప్రశంసకు ఆధారము పదముల అజంతత్వము. ఫలము ఒకటియే యైనను మార్గములు వేరు. లాటిను ‘నోక్తెమ్’ ఇటాలియనున ‘నొత్తె’ యైనది. అచట పదాంతమందలి హల్లు లోపించినది. తెలుగున హల్లుపై అచ్చు చేరినది: తమిళమున ‘కణ్’, ‘ఊర్’, తెలుగున ‘కన్ను’, ‘ఊరు’. ఆంగ్లమునుండి వచ్చిన ‘ఫిల్మ్’, ‘స్పోర్ట్’ అను పదములను ఇటాలియను హలంతములుగనే నిలుపుకొనగా, తెలుగు ‘బస్సు’, ‘కారు’ అని అచ్చు చేర్చుకొన్నది. కావున ఈ శ్రుతిసామ్యము సమానచరిత్రమునకు సాక్ష్యము కాజాలదు.

నిజమైన సామ్యము భాషావివాదమున కలదు. పియెత్రో బెంబో 1525లో, 14వ శతాబ్దపు పెత్రార్కా, బొక్కాచ్చొల భాషను రచనకు ప్రమాణము చేసెను. మన గ్రాంథికవాదులకు చిన్నయసూరి ‘బాలవ్యాకరణము’ (1858) అట్టి ప్రమాణమైనది. మాంజోని తన నవలను 1840-42 నడుమ ఫ్లోరెన్సు విద్యావంతుల వాడుకకు అనుగుణముగ సంస్కరించెను. గిడుగు రామమూర్తి శిష్టవ్యవహారమును సమర్థించెను. అయితే ఒక నగరపు పలుకును దేశమంతటిపై నిలుపుట తగదని భాషాశాస్త్రవేత్త ఆస్కొలి 1873లో మాంజోని మతమును ఎదిరించెను. కోస్తా జిల్లాల వాడుక ప్రమాణమై, తెలంగాణపు పలుకు న్యూనముగ గణింపబడిన చరిత్రమెరిగిన హైదరాబాదు విద్యార్థికి ఈ వాదము పరాయిది కాదు.

సైబరాబాదు ప్రాంతమున విదేశీభాష తరచుగ ఉద్యోగసాధనముగనే తలపబడుచున్నది. ఆ కార్యాలయముల చెంతనే, గచ్చిబౌలిలో, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ కలదు. ఇదే నగరమందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున ఇటాలియను బోధనయు కలదు. తెలుగు పరిశోధకుడు ఈ రెండింటి నడుమ రాకపోకలు సాగించి, ఆస్కొలిని ఆయన భాషలోనే చదువగలిగిన నాడు, ఆ పాత బిరుదము పొగడ్తగ ముగియక విచారణకు ఆరంభమగును.