ముక్క పరీక్ష

ఎలమంచిలిలో ఎవరికైనా గడ్డ తీస్తే, ఇంటివాళ్ల చేతికి ఒక చిన్న డబ్బా వస్తుంది. ఫార్మలిన్‌లో మునిగిన ముక్క. ముక్క పరీక్షకి విశాఖ తీసుకెళ్లాలి. రిపోర్టుకి నాలుగైదు రోజులు పడుతుందనగానే, ‘‘మైక్రోస్కోపులో చూడ్డానికి అన్నాళ్లెందుకండీ?’’ అని కౌంటరు దగ్గర అడగనివాళ్లు తక్కువ.

చూడ్డానికి నిజంగానే కొద్ది నిమిషాలు చాలు. కాలం పట్టేది చూడదగ్గట్టు తయారుచేయడానికే. ముక్క ఫార్మలిన్‌లో గట్టిపడాలి. ఆల్కహాల్‌తో అందులోని నీరంతా లాగేయాలి. కరిగిన మైనం ఎక్కించి దిమ్మగా పోయాలి. మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, ఆ పొరని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, ముడత పడకుండా స్లైడు మీదకి ఎత్తుకోవాలి. ఆ తర్వాత రంగులు. ల్యాబ్ టెక్నీషియన్ చెయ్యి వణికిందా, ఎంత ఖరీదైన మైక్రోస్కోపూ అక్కరకు రాదు.

చరిత్ర పుస్తకాలు మాత్రం కటకాలనే పొగుడుతాయి. కప్ప ఊపిరితిత్తుల్లో సన్నని రక్తనాళాల్ని మాల్పీగీ 1661లోనే చూశాడు. రాబర్ట్ హుక్ బెరడులో గదుల్లాంటి కణాలు చూసి 1665లో బొమ్మలేసి అచ్చువేశాడు. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ ఒక్క కటకంతో నీటి చుక్కలో ప్రాణుల్ని పట్టుకున్నాడు. అయినా శరీరంలోని కణజాలం పద్ధతిగా కంటికి చిక్కడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. విచిత్రమేమిటంటే, 1800లో కణజాలాల్ని 21 రకాలుగా విడదీసిన ఫ్రెంచి వైద్యుడు బిషా మైక్రోస్కోపుని నమ్మనేలేదు! శవాల నుంచి తీసిన భాగాల్ని నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆమ్లాల్లో వేసి, దేని గుణమేమిటో తేల్చాడు. ముప్పై ఏళ్లకే, 1802లో, చనిపోయాడు.

ఆయన అపనమ్మకంలో అన్యాయమేమీ లేదు. అప్పటి కటకాల్లో ప్రతి అంచుకీ ఇంద్రధనుస్సు పట్టేది. 1830లో లిస్టర్ ఆ దోషాన్ని చాలావరకు దిద్దాడు. కానీ పచ్చి కణజాలం మెత్తన, పైగా పారదర్శకం, ఊరికే కుళ్లిపోతుంది. ఆ పారదర్శకతకి మందు అద్దకం పనివాళ్ల దగ్గర దొరికింది. గెర్లాక్ 1858లో పురుగుల నుంచి తీసే కార్మైన్‌తో రంగేశాడు. తర్వాత మధ్య అమెరికా చెట్టు చేవలోంచి హిమటాక్సిలిన్, రంగుల ఫ్యాక్టరీ నుంచి ఇయోసిన్ వచ్చాయి. క్రిమిసంహారకంగా ఫార్మలిన్‌ని పరీక్షిస్తున్న బ్లూమ్‌కి 1893లో తన వేళ్ల చర్మమే బిరుసెక్కడం కనిపించింది. ఎలమంచిలి డబ్బాలోకి ఆ ద్రవం వచ్చింది అలాగే.

శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి ఇలాంటి స్లైడ్లు చదివే పేథాలజిస్టుగానే ప్రపంచానికి తెలిశారు. కాంగ్రా లోయలో గాయిటర్‌కి అయోడిన్ ఉప్పు పనిచేస్తుందని చూపించింది ఆయన బృందమే.

అయితే రంగుతో పని లేకుండా మలేరియా గుట్టు బయటపడ్డ రోజు కూడా ఒకటుంది. అదీ తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20, సికింద్రాబాద్ బేగంపేట. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ని కుట్టిన దోమల్ని డాక్టర్ రొనాల్డ్ రాస్ సూదులతో విప్పుతున్నారు. ఉక్కబోత. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి, అందుకని అదీ లేదు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలింది. అలాంటి సాధనంతోనే ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి, సుమారు 12 మైక్రాన్లవి. గుర్తు పట్టించింది సీసాలోని రంగు కాదు, వాటి లోపలి నల్లటి రేణువులు. రోగుల రక్తంలో రాస్ ఎన్నోసార్లు చూసినవే. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. అంటే మలేరియా పరాన్నజీవి దోమలో బతికే ఉందన్నమాట.

కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్‌కి దోమకి ఒక అణా ముట్టింది. రాస్‌కి 1902లో నోబెల్. మధ్యలో, 1898లో, కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా వెళ్లే దారి చూపించారు. అక్కడ ఆయన పక్కన పనిచేసిన సహాయకుడు మహమ్మద్ బక్స్. ఆ పేరు రాస్ జ్ఞాపకాల్లో ఉంది కానీ, మన పాఠ్యపుస్తకాల్లోకి మాత్రం ఎక్కలేదు.