డ్రైబర్గ్ మఠము: ఉక్కురేకుపై వెలుగు

స్కాట్లండు దక్షిణపు సరిహద్దు సీమలో ట్వీడ్ నది మెలిక తిరుగుచోట, వృక్షముల నడుమ, 1150లో వెలసి, ఆంగ్లసేనల చేత మాటిమాటికి దగ్ధమై, 1544 నాటి దహనము పిమ్మట మరి కోలుకొనని డ్రైబర్గ్ మఠము శిథిలావస్థలో నిలిచియున్నది. వాల్టర్ స్కాట్ కవి పితామహి పుట్టినింటివారైన హాలిబర్టనులకు అచ్చట సమాధిస్థలముపై హక్కుండుటచే, 1832 సెప్టెంబరు 26న ఆయనను అచ్చటనే ఖననము చేసిరి. అంతకు ముందటి యేడు, స్కాటు కావ్యసంపుటములకు చిత్రములు వ్రాయుటకై ప్రకాశకుడు కాడెల్ కోరగా చిత్రకారుడు టర్నర్ ఆ సీమకు వచ్చి కవి యింటనే అతిథియై యుండెను. చిత్రకారుడు చూచిన నాటికి ఆ గోడలు కవి పూర్వులవి. ఆయన గీసిన మఠచిత్రమును ఎడింబరో శిల్పి విలియం మిల్లర్ ఉక్కురేకుపై చెక్కిన ప్రతి పాఠకుల చేతికి వచ్చునప్పటికి అవి కవివే యైనవి.

ఈ చెక్కడపు పని సామాన్యమైనది కాదు. మెరుగుపెట్టిన ఉక్కురేకుపై మైనము, గుగ్గిలము కలిపిన పూత పూసి, పొగచూర్చి, బొమ్మను కుడియెడమలు తారుమారుగా దించి, సూదితో గీయుదురు. గీతవెంట పూత తొలగినచోట ఆమ్లము లోహమును తినును. లేతగా నుండవలసిన గీతలను నడుమ నడుమ లక్కపూతతో కప్పి, తక్కినవానిని మరల ఆమ్లమునకు అప్పగింతురు. తరువాత ఉలి పని; ఆకాశమునకు సమాంతర రేఖలు గీయు యంత్రము వేరే యుండును. మన తామ్రశాసనములలో అక్షరము లోహమందే నిలుచును. ఇచ్చట గంట్లలో సిరా దూర్చి, పైభాగమును గుడ్డతోను అరచేతితోను తుడిచి, తడికాగితముపై నొక్కినగాని బొమ్మ పుట్టదు. రాగిరేకు కొన్నివందల ప్రతులకే అరుగును; ఉక్కు వేలకొలది ప్రతులకు తాళును గనుకనే ఈ బొమ్మలు సామాన్యుని యింట చేరినవి.

చెక్కడము వర్ణచిత్రమునకు నీడ మాత్రమే యనువారితో నేనేకీభవింపను. ఇందు తెల్లరంగు లేదు. వెలుగంతయు ఉలి తాకని చోటనే యున్నది. మిల్లర్ నదిని గీయలేదు, ఒడ్డులను దట్టముగా గీసి నీటిని విడిచిపెట్టినాడనవచ్చును. టర్నరు తన బొమ్మల పరీక్షాప్రతులపై వెలుగు చాలనిచోట కత్తితో గీకియు, నలుపు చాలనిచోట సుద్దతో దిద్దియు శిల్పులను వేధించెడివాడు. ఆ వేధింపు వృథా పోలేదు. మఠమును ఘనముగా చూడగోరువాడు మాత్రము నిరాశ చెందును: అది దూరమున, చెట్లలో, చిన్నదిగా నున్నది. సమాధి కనబడనే కనబడదు. నాకీ సంయమమే నచ్చినది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఛాయాచిత్ర ముద్రణము వచ్చి ఈ వృత్తిని మ్రింగివేసినది. ఏ గ్రంథాలయముననైన పాత స్కాటు సంపుటము దొరకినచో పాఠకులు భూతద్దము పట్టి చూతురుగాక: చుక్కలు కనబడిన అది యంత్రపు నకలు, సన్నని గీతలు కనబడిన అది శిల్పి చేతిపని.