నవ్వును నిలబెట్టే తీగ

క్లిప్పులు తీసేశాక పళ్ల వరసను నిలబెట్టే పని డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్ చేతుల్లో పడుతుంది.

డాక్టర్ బ్రాకెట్లు ఊడదీసి, పంటికి అంటిన జిగురును అరగదీసి నునుపు చేస్తారు. నోటి అచ్చు ల్యాబ్‌కు చేరుతుంది. అందులో ప్లాస్టర్ పోసి నమూనా తీస్తారు. 0.7 మిల్లీమీటర్ల స్టీలు తీగను పట్టకారుతో వంచి ముందు పళ్ల మీదుగా విల్లులా తిప్పుతారు. దవడపళ్లను పట్టుకునే కొక్కేలు చేస్తారు. అంగిలికి అతికేలా యాక్రిలిక్ పలక కడతారు. తీగ కాస్త పక్కకు జరిగినా పంటిపై ఒత్తిడే. ఎంత ఓర్పుండాలి! దంతవైద్యుడు చార్లెస్ హాలీ పేరు మీద వందేళ్లుగా నడుస్తున్న రిటైనర్ ఇదే.

పంటి చుట్టూ ఉండే నారపోగులు కొత్తచోట కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే డాక్టర్ చెప్పినన్నాళ్లూ రిటైనర్‌ను పెట్టుకోవాలి. మెత్తని బ్రష్‌తో, చల్లని నీళ్లతో కడగాలి. వేడినీళ్లలో వేస్తే ఆకారం చెడుతుంది.