పాయింటర్లు ఎవరు చెప్పాలి?

డిగ్రీ కోర్సులకు యూజీసీ 2022 డిసెంబర్‌లో నంబర్లు వేసింది. 100 నుంచి 199 దాకా పునాది కోర్సులు, 200లు మధ్యస్థాయి, 300లు పై స్థాయి, 400లు అడ్వాన్స్‌డ్. పునాది కోర్సుకు ముందే చదవాల్సినవి ఉంటే వాటికి 99 దాకా నంబర్లు ఇచ్చింది, క్రెడిట్లు మాత్రం ఉండవు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కంప్యూటర్ సైన్స్ చెప్పే మాబోటివాళ్లకు చిక్కల్లా ఒక నంబర్ నుంచి ఇంకో నంబర్‌కు దాటేచోటే వస్తుంది.

సీ లాంగ్వేజ్ క్లాసులో రెండు సంఖ్యల్ని తారుమారు చేసే ఫంక్షన్ రాయమంటాను. రాస్తారు. రన్ చేస్తే సంఖ్యలు ఎక్కడివక్కడే. "కంపైలర్‌లో ఏదో తేడా ఉంది సార్" అంటాడొకడు. అక్కడ సిలబస్‌ను పక్కనపెట్టి ఆగాలి. ఫంక్షన్ చేతికి వెళ్లినవి నకళ్లేనని, అసలువి మారాలంటే వాటి అడ్రస్ పంపాలని బోర్డు మీద గడులు గీసి చూపించాలి. తీరా పాయింటర్లేమో సిలబస్ చివర్లో ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి ఇంటర్నల్స్, ల్యాబ్ రికార్డుల హడావుడి. నిర్వచనం బట్టీపట్టి గట్టెక్కేస్తారు.

తర్వాతి సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్. లింక్డ్ లిస్ట్ మొదట్లో కొత్త నోడ్ చేర్చాలంటే, ముందు దాని లింకులో పాత హెడ్ అడ్రస్ పెట్టాలి, ఆ తర్వాతే హెడ్‌ను మార్చాలి. వేరే చోట దాచుకోకుండా ముందే హెడ్‌ను మార్చామా, పాత లిస్టు మొత్తం చేజారినట్టే. రికార్డులో ఆ రెండు లైన్లూ అందరూ సరిగ్గానే రాస్తారు. ఈ లైనే ముందెందుకని వైవాలో అడిగితే మాత్రం నేల చూపులు.

అందుకే సిలబస్‌ను వెనక నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. డేటా స్ట్రక్చర్స్ మొదటి వారానికి ఏం వచ్చి ఉండాలో రాసుకుని, సీ పాఠాల్లో దానికి ముందు చోటిస్తాను. యూనిట్లు మార్చే అధికారం మనకు లేదు కానీ, ఏ వారం ఏం చెప్పాలన్నది మన చేతిలో పనే.

ఇంకో మాట. చాలాచోట్ల మొదటి సెమిస్టర్‌ను నిన్నగాక మొన్న చేరిన గెస్ట్ ఫ్యాకల్టీకి అంటగట్టి, సీనియర్లు మెషీన్ లెర్నింగ్ ఎలక్టివ్ పట్టుకుంటారు. నన్నడిగితే తిరగేయాలి. "ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని సీ చెప్పాలా మాస్టారూ?" అన్నాడు సాటి లెక్చరర్. ఈ ఏడు రెండు సెక్షన్లూ నేనే తీసుకుని పాయింటర్లను అర్రేలకన్నా ముందుకు జరిపాను. ఫైల్స్ చాప్టర్ కుదించాల్సి వచ్చింది. స్టాఫ్ రూంలో దానిమీద రుసరుసలు ఇంకా నడుస్తున్నాయి.